మా వదిన పెట్టిన స్లైడ్‌షో

మా వదినకు కోపం రాదని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. ఆవిడ వాటా కోపం కూడా దేవుడు నాకే కట్టబెట్టి పంపాడని మా పెద్దమ్మ అంటుంది. నన్ను మా అన్నయ్య చిన్నప్పటి నుంచీ మిరపకాయ అనే పిలుస్తాడు. అననీ, నాకేం నామోషీ లేదు. కానీ కొత్త షోరూమ్ తెరిచిన రోజు సంగతి చెప్పాలంటే మాత్రం నా కోపం పక్కన పెట్టి మా వదిన కోపం గురించే చెప్పాలి. నా కోపం ఎలాగూ మధ్యమధ్యలో దూరుతూనే ఉంటుంది, దాన్ని ఆపడం నా వల్ల కాదు.

పెళ్లికి ముందు మా వదిన ఒక ఫొటో స్టూడియోలో ఆల్బమ్‌లు తయారు చేసేది. మెట్ల పైన కిటికీ లేని గది, రెండు కంప్యూటర్లు, గడగడలాడే ఫ్యాను. పెళ్లి ఫొటోలు కుప్పలుగా వచ్చి పడేవి. వాటిని ఏరి, పేజీల్లో పేర్చి, అచ్చుకు పంపడం ఆవిడ పని. పెద్ద ఆల్బమ్‌లో ఒక్కో ఫొటో రెండు పేజీల మీదా పరుచుకుని ఉంటుంది కదా, సరిగ్గా మధ్యలో మడత వస్తుంది. ఆ మడతలో ఎవరి మొహం పడితే వాళ్ల పని అయిపోయినట్టే. ముక్కు ఒక పేజీలో, చెవి ఇంకో పేజీలో.

మా వదిన ఆ మడత దగ్గర ప్రాణం పెట్టేది. ఫొటోను అటు జరిపి, ఇటు జరిపి, వెనక వరసలో ఎవరో పిల్లాడిని ఎత్తుకుని నిలబడ్డ పిన్నిగారి మొహం కూడా మడతలో పడకుండా చూసేది. స్టూడియో ఓనరు విసుక్కునేవాడు.

"ఎవరు చూస్తారమ్మా అవన్నీ? పెళ్లికూతురు బాగుంటే చాలు, కానివ్వు."

"చూసుకునేవాళ్లు చూసుకుంటారు సార్," అనేది ఈవిడ.

ఒకసారి ఎవరిదో ఆల్బమ్ వేరేవాళ్లు హడావిడిగా పేర్చారు. పెళ్లికూతురి తాతయ్య దాన్ని పట్టుకుని స్టూడియోకి వచ్చాడు. ఏమీ అనలేదట. ఆ పేజీ తెరిచి, మడత మీద అరచేత్తో అదిమి అదిమి సాపు చేస్తూ కూర్చున్నాడట, అలా చేస్తే తన మొహం బయటికొస్తుందేమోనని. ఆ ముక్క మా వదిన నాకు ఎన్నిసార్లు చెప్పిందో! చెప్పిన ప్రతిసారీ ఆవిడ చెయ్యి కూడా బల్ల మీద అలాగే అదుముతుంది.

తర్వాత జనం ఆల్బమ్‌లు మానేసి ఫొటోలన్నీ ఫోన్లలోనే దాచుకోవడం మొదలుపెట్టారు. స్టూడియో మూతపడింది. అప్పటికి మా ఇంటి కోడలైన వదిన, మెట్ల పక్క గదిలో పాత సామాన్లు సర్దేసి, కంప్యూటర్ పెట్టుకుని, వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుంది. కోడ్ అంతా రాసే రకం కాదు. తెర మీద పెట్టెలు లాగి పెట్టడం, ఈ పెట్టెలో ఫొటో, ఆ పెట్టెలో రాత, అలాంటి సాఫ్ట్‌వేర్. డ్రైవింగ్ స్కూలుకు చేసింది, పళ్ల డాక్టరుకు చేసింది, బ్యూటీ పార్లర్‌కు చేసింది. వాళ్లంతా చెప్పుకుంటే కొత్తవాళ్లు వచ్చారు.

మా అన్నయ్య మాత్రం ఎవరైనా అడిగితే ఏమనేవాడో తెలుసా?

"మా ఆవిడా? ఖాళీగా కూర్చోలేక కంప్యూటర్లో బొమ్మలు అతికిస్తుంటుంది."

ఈ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. వదిన నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే ఇంకా మండేది.

బొమ్మలు అతికించడమట! నేను పక్కన కూర్చుని చూశాను కాబట్టి తెలుసు. వెబ్‌సైటు తెరవగానే పైన ఒకదాని తర్వాత ఒకటి ఫొటోలు జరిగిపోతుంటాయే, ఆ స్లైడ్‌షో దగ్గరే తిప్పలన్నీ. కంప్యూటర్ తెర వెడల్పుగా ఉంటుంది, ఫోన్ తెర నిలువుగా ఉంటుంది. వెడల్పు ఫొటోను నిలువు పెట్టెలో పెడితే రెండే దార్లు. ఫొటో మొత్తం కనిపించాలంటే అది చిన్నదై, పైనా కిందా ఖాళీ మిగులుతుంది. లేదూ పెట్టె నిండాలంటే ఫొటో పెద్దదై, రెండు పక్కలా తెగిపోతుంది. ఒక్క టిక్కు పెడితే నిండుతుంది, తీస్తే మొత్తం కనిపిస్తుంది. చాలామంది టిక్కు పెట్టేసి చేతులు దులుపుకుంటారు. మా వదిన అలా చేసే మనిషి కాదు. సొరుగులో పాత ఫోన్లు పెట్టుకునేది, ఒకదానికి అద్దం పగిలి సాలెగూడులా ఉంటుంది. ప్రతి స్లైడూ అన్నిట్లోనూ చూసేది. అవి చాలక ఇంటికొచ్చినవాళ్ల ఫోన్లు అడిగేది. పాలు పోయడానికి వచ్చినతని ఫోన్ కూడా వదల్లేదు మహాతల్లి.

"వదినా, నీకు పిచ్చి. ఎవరు గమనిస్తారు?" అన్నాను ఒకసారి.

"ఆల్బమ్‌కి మడత మధ్యలో ఉండేది. దీనికి మడత రెండు అంచుల్లో ఉంది, అంతే. అంచున నిలబడ్డవాళ్లు మనుషులు కారని ఎవరు చెప్పారు మిరపకాయ్?" అంది.

ఇక మా షాపు. మాది కుర్చీల షాపు. నాన్న మొదలుపెట్టాడు. అన్నయ్య ఇంకా చదువుకుంటుండగానే నాన్న పోయాడు. అప్పుడు షాపు మూసేయమని చుట్టాలందరూ తలో మాటా అన్నారు. మా వడ్రంగి మామ చెక్క పని చూసుకుంటానన్నాడు, అమ్మ అల్లిక పని తీసుకుంది. నీళ్ల తొట్టిలో పేము బద్దలు నానబెట్టి, కుర్చీ చట్రాన్ని ఒళ్లో పెట్టుకుని, వెనక గదిలో కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని అల్లేది. ఇప్పటికీ అక్కడే కూర్చుంటుంది. అమ్మ వేళ్ల కొసలు ఎంత గరుకంటే, చిన్నప్పుడు నాకు జ్వరం వచ్చి నుదుటి మీద చెయ్యి వేస్తే గీసుకునేది. మా కుర్చీ కొన్నవాళ్లెవరైనా ముందు మెచ్చుకునేది ఆ అల్లికనే. ముందు గదిలో నిలబడి ఆ మెప్పు అందుకునేది అన్నయ్య. వెనక గదిలోకి తొంగి చూసినవాళ్లు లేరు.

అమ్మ ఏనాడూ దాని గురించి నోరెత్తలేదు. అన్నయ్య పెద్ద వీధిలో కొత్త షోరూమ్ తీసుకుని, దానికి వెబ్‌సైటు కావాలని వదినకు పురమాయించినప్పుడు మాత్రం, అమ్మ మెల్లిగా మెట్ల పక్క గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మాయ్, నేనూ పడతానా అందులో?"

"పడకపోతే ఎలా అత్తయ్యా? మీరు లేకుండా కుర్చీ ఎక్కడిది?"

అమ్మ మొహం చూడాలి అప్పుడు! ఇక మొదలుపెట్టింది. పెద్దమ్మకు చెప్పింది, ఎదురింటి వాళ్లకు చెప్పింది, టైలరుకు చెప్పింది. ఫొటో తీసే రోజు పెట్టెలోంచి మంచి బట్టలు తీసి కట్టుకుంది. వదినే ఫొటో తీసింది. ఎవరి పనిలో వాళ్లు ఉండగా వెడల్పుగా ఒక్క ఫొటో. ఎడమ కొసన బ్రష్షుతో పాలిష్ అతను, తర్వాత వడ్రంగి మామ, మధ్యలో కొత్త చొక్కా వేసుకుని చేతులు కట్టుకున్న అన్నయ్య, ఆయన పక్కన వరసగా కుర్చీలు, కుడి కొసన కిటికీ వెలుగులో పీట మీద అమ్మ. మధ్యలోకి రమ్మంటే రానంది. వెలుగు అక్కడే ఉంది, నా చోటు అదే అంది.

వదిన ఆ ఫొటో మీద పడ్డ పాట్లు నేను చూశాను. కంప్యూటర్లో బ్రహ్మాండంగా ఉంది. ఫోన్లో టిక్కు పెడితే అన్నయ్య ఒక్కడే మిగులుతున్నాడు. టిక్కు తీసేసింది. పైనా కిందా మిగిలిన ఖాళీకి చెక్క రంగు వేసింది. ఫొటో చిన్నదైనా అందరూ ఉన్నారు. ఫోన్ పట్టుకుని వచ్చి నాకు చూపించింది. అమ్మకు మాత్రం చూపించలేదు. షోరూమ్ తెరిచే రోజు అమ్మ తన ఫోన్లో తానే చూసుకోవాలని ఆవిడ ముచ్చట.

షాపు తనది కాబట్టి పాస్‌వర్డు తన దగ్గర కూడా ఉండాలని అన్నయ్య ముందే పట్టుబట్టి తీసుకున్నాడు. వదిన ఇచ్చింది. మొగుడే కదా అనుకుంది పాపం.

తెరిచే రోజు పొద్దున్నే షోరూమ్ అంతా సందడి. పాత ఖాతాదార్లు, ఇరుగుపొరుగు షాపుల వాళ్లు, చుట్టాలు. గోడకు పెద్ద టీవీ, అందులో మా స్లైడ్‌షో. ఫొటోలో అమ్మ టీవీ అంచున ఎక్కడో ఉంది కానీ, ఆ కింద చేరిన జనం తలలు అడ్డం. అమ్మ దూరంగా, తానే అల్లిన కుర్చీలో కూర్చుంది. పక్కన నేను, పెద్దమ్మ. అమ్మ కళ్లజోడు తుడుచుకుని, ఫోన్ తీసి, వదిన పంపిన లింకు నొక్కింది.

మొదటి ఫొటో కుర్చీ. అమ్మ వేలితో జరిపింది. రెండోది ఊగుడు కుర్చీ. ఇంకా జరిపింది. తర్వాత అన్నయ్య. నిలువెత్తున, తెర నిండా, చేతులు కట్టుకుని అన్నయ్య. పక్కన వడ్రంగి మామ భుజం ముక్క. అంతే. అమ్మ జరిపింది. బల్ల. జరిపింది. మళ్లీ మొదటి కుర్చీ.

"మళ్లీ మొదటికొచ్చింది," అంది అమ్మ. "నేనింకా రాలేదు."

ఇంకోసారి తిప్పింది. మరోసారి తిప్పింది. అన్నయ్య వచ్చిన చోట ఆగి, ఫొటోను వేలితో ఎడమకు లాగి చూసింది, పక్కన దాక్కుని ఉన్నానేమో అన్నట్టు. స్లైడు మారిపోయింది తప్ప అమ్మ రాలేదు.

పెద్దమ్మ ఊరుకుంటుందా? "ఏమే, వెబ్‌సైటులో పడ్డానని ఊరంతా టముకు వేశావు. ఏదీ, ఎక్కడ పడ్డావు?"

"ఆ రోజు నేను బద్దలు తెచ్చుకోవడానికి లేచి వెళ్లుంటానక్కా," అంది అమ్మ. అని, ఫోన్ ఆపేసి ఒళ్లో బోర్లా పెట్టుకుంది. "అమ్మాయిని ఏమీ అనకండి. పాపం చాలా కష్టపడింది."

నాకు ఒళ్లు తెలియలేదు. లేచి వదినా అని ఒక్క కేక పెట్టాను. సగం మంది తిరిగి చూశారు. వదిన పరుగున వచ్చి, అమ్మ ఒళ్లోంచి ఫోన్ తీసి చూసింది. ఒక్క చూపు చాలు ఆవిడకి. టిక్కు ఎవరు పెట్టారో కూడా అడగాల్సిన పని లేదు, పాస్‌వర్డు ఇద్దరి దగ్గరే ఉంది. ఫోన్ పట్టుకుని నేరుగా అన్నయ్య దగ్గరికి నడిచింది. నేను వెనకాలే.

"ఏమండీ, స్లైడ్‌షో మీరు మార్చారా?"

"ఆ, పొద్దున నేనే మార్చాను," అన్నాడు అన్నయ్య దర్జాగా. "పైనా కిందా ఆ ఖాళీలేమిటి, అసహ్యంగా? నిండుగా అని ఉంది, నొక్కాను. ఇప్పుడు చూడు, ఎంత బాగుందో!"

"మార్చాక ఫోన్లో చూశారా?"

"చూడకేం? చూసే కదా బాగుందంటున్నాను."

చూశాడు! అదీ నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి. చూడకుండా చేసి ఉంటే పోనీలే అనుకునేదాన్ని. చూశాడు, తన మొహం తెర నిండా కనిపించింది, మురిసిపోయాడు. అమ్మ లేదన్నది ఆ కళ్లకు ఆననే లేదు.

"అత్తయ్య లేరు అందులో," అంది వదిన.

అన్నయ్య ఫోన్‌లోకి తొంగి చూశాడు. ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే సర్దుకున్నాడు, అది ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

"టీవీలో ఉంది కదా. ఇంత చిన్న ఫోన్లో అందరూ ఎక్కడ పడతారు? ముఖ్యమైనవాళ్లు కనిపిస్తే చాలదా?"

"ఎవరు ముఖ్యం? నువ్వా?" అన్నాను నేను. "ఒక్క కుర్చీ అల్లావా ఈ జన్మలో? కొనేవాళ్లంతా టీవీలు జేబులో పెట్టుకుని తిరుగుతారా?"

"నువ్వుండవే మిరపకాయ, నలుగురిలో పరువు తీయకు," అని గొంతు తగ్గించి, వదిన వైపు తిరిగి ఇలా అన్నాడు. "ఎలా పెట్టినా బాగుండేలా చేయడం రావాలి నీకు. బొమ్మలు అతికించినంత మాత్రాన అయిపోతుందా?"

వదిన నవ్వలేదు. అంతకాలంలో ఆ మాటకు ఆవిడ నవ్వకపోవడం అదే మొదలు. చెవులు ఎర్రబడ్డాయి. కౌంటర్ వెనక ఉన్న కంప్యూటర్ దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆవిడకు కోపం రాదన్నవాళ్లు ఆ రోజు ఆవిడ మౌస్ పట్టుకున్న పట్టు చూడాల్సింది.

టిక్కు తీస్తుందేమో అనుకున్నాను. తీయలేదు. ఆ ఫొటో తెరిచింది. సరిగ్గా మధ్యలో, అన్నయ్య మొహం మీద, చిన్న గుండ్రటి చుక్క ఉంది. పెట్టె నిండడానికి ఫొటో తెగినప్పుడు ఏ భాగం తప్పకుండా మిగలాలో ఆ చుక్క చెబుతుంది. ఎవరూ ముట్టుకోకపోతే అది మధ్యలోనే ఉంటుంది. వదిన దాన్ని పట్టుకుని, వరస కుర్చీల మీదుగా కుడి పక్కకు లాక్కెళ్లి, అమ్మ మీద పెట్టి వదిలింది. పబ్లిష్ నొక్కింది. టీవీలో వెంట్రుకవాసి తేడా లేదు. అక్కడ అందరూ ఎప్పట్లాగే ఉన్నారు.

అదే సమయానికి అన్నయ్య టీవీ ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "మీ మీ ఫోన్లలో కూడా మా వెబ్‌సైటు తెరిచి చూడండి. మీకు మమ్మల్ని పరిచయం చేస్తుంది."

అందరూ ఫోన్లు తీశారు. కుర్చీ. ఊగుడు కుర్చీ. తర్వాత తెర నిండా అమ్మ. కిటికీ వెలుగులో, ఒళ్లో చట్రం, వేళ్ల మధ్య పేము బద్ద. అన్నయ్య మోచేయి కూడా లేదు.

"అరే, ఈ అల్లిక ఈవిడదా!" అన్నాడు ఒక పాత ఖాతాదారు. "ఓనరుగారూ, మీరెక్కడండీ ఇందులో?" అన్నాడు పక్క షాపతను. గొల్లున నవ్వారు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తప్పయితే తప్పే.

అన్నయ్య తన ఫోన్ చూసుకున్నాడు. కందగడ్డలా అయిపోయింది మొహం. గబగబా కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"ఏమిటిది? నన్ను తీసేశావా? నా షాపులో నేనే లేనా?"

"నేనెవర్నీ తీయలేదు," అంది వదిన. గొంతు పెంచలేదు గానీ ప్రతి మాటా అందరికీ వినబడింది. "మీరు నిండుగా ఉండాలన్నారు. నిండాలంటే ఎవరో ఒకరు బయటికి పోవాలి. పొద్దున అత్తయ్య పోయారు, మీకు బాగుంది. ఇప్పుడు మీరు పోయారు. ఆవిడ గంట నుంచి ఆ మూల కూర్చుని తనను తాను వెతుక్కున్నారు. మీరు ఒక్క నిమిషం వెతుక్కోలేరా?"

అన్నయ్య నోరు తెరిచాడు. ఏం అనేవాడో మాకు తెలియదు, ఎందుకంటే అప్పుడే అమ్మ జనాన్ని తప్పించుకుంటూ వచ్చింది. చేతిలో ఫోన్, కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఉంది. తనను తాను చూసుకుందని తెలుస్తూనే ఉంది, పెద్దమ్మ వెనక నుంచి "పడిందర్రా, మా చెల్లి పడింది," అని అరుస్తోంది. కానీ అమ్మ మొహంలో సంతోషం లేదు, కంగారుంది.

"అమ్మాయ్, అబ్బాయేడీ?" అంది. "ఎన్నిసార్లు తిప్పినా వాడు రావడం లేదు. నేనొక్కదాన్నే వస్తున్నాను. నన్ను కొంచెం పక్కకి జరిపైనా వాడిని పెట్టవా తల్లీ, వాడు చిన్నబుచ్చుకుంటాడు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కూడా కోపంతోనే. ఆవిడ లేనప్పుడు ఈయనకు బాగుంది. ఈయన లేకపోతే ఆవిడకు ఊపిరాడటం లేదు. ఇదెక్కడి న్యాయం?

అన్నయ్య అమ్మ వైపు చూడలేకపోయాడు. అమ్మ చేతిలోని ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కౌంటర్ వెనక్కి వచ్చి, వదిన కుర్చీ పక్కన వంగి, "ఆ టిక్కు ఎక్కడుంది?" అన్నాడు. వదిన చెప్పలేదు. పొద్దున ఎవరు చూపిస్తే పెట్టారు అన్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయనే వెతికాడు. ఇద్దరు ముగ్గురు ఖాతాదార్లు ఎదురుచూస్తున్నా కదలకుండా వెతికి, టిక్కు తీసి, పబ్లిష్ నొక్కి, అమ్మ ఫోన్ తీసుకుని తానే ఆ ఫొటో దాకా జరిపి చేతికిచ్చాడు.

అమ్మ కళ్లజోడు కిందికి లాక్కుని దగ్గరగా పెట్టుకుని చూసింది. పాలిష్ అతను, మామ, వీడు, నేను అని వేలితో తడిమింది.

"అందరం ఉన్నాం," అంది. తర్వాత నొసలు ముడిచి, "పైనా కిందా ఈ ఖాళీ ఏమిట్రా?"

"ఉండనీ అమ్మా," అన్నాడు అన్నయ్య. "అది అలాగే ఉండాలి."